ఆవిరి కాదంటే హాని లేదని కాదు

లావణ్యా,

ఆశీస్సులు. అయానిక్ లిక్విడ్స్ మీద, అంటే తక్కువ వేడికే ద్రవంగా ఉండే లవణాల మీద, పని మొదలుపెడుతున్నావని తెలిసి సంతోషించాను. కానీ "వాసన రాదు, ఆవిరి కాదు, సేఫేనట బాబాయ్" అని రాశావు చూడు, అది చదివాక మనసు ఊరుకోలేదు.

మామూలుగా అవి ఆవిరి కావన్నది నిజమే. ఊపిరితో లోపలికి వెళ్లే భయం తక్కువ. అయితే అసిటోన్ చుక్క బల్ల మీద పడితే కాసేపట్లో ఎగిరిపోతుంది, ఇది పోదు. ఇవాళ నీ గ్లవ్ నుంచి తలుపు పిడికో, తూకం మెషీన్ బటన్‌కో అంటుకున్నది వారం తర్వాత ఇంకొకరి ఒట్టి చేతికి తగులుతుంది. వాసన ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. చుక్క పడిన వెంటనే తుడువు. ఆ గ్లవ్స్‌తో ఫోన్ ముట్టుకోవద్దు.

నాకు ఎక్కువ భయం వీటిలో ఫ్లోరిన్, ఫాస్ఫరస్ ఉండే హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ రకాలంటేనే. తేమ చేరి, పైగా వేడి తగిలితే విడిపోయి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పుట్టిస్తాయి. దీని మీద 2003లోనే పేపర్ వచ్చింది. నేను తడి సరిగ్గా తీయకుండా వేడిచేసిన ఫ్లాస్కు లోపలంతా మసకబారింది. ఎంత కడిగినా పోలేదు. గాజునే తినేసింది! పలచని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చర్మం మీద పడితే గంటల తరబడి నొప్పే తెలియకపోవచ్చు. ఈలోగా లోపలికి దిగి ఒంట్లోని కాల్షియంను పట్టేస్తుంది. అందుకే 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేచోట ఉంచుకున్నాకే సీసా తెరువు. అనుమానం వచ్చినా చాలు, నీళ్లతో కడిగి, జెల్ రాసి, వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

అల్యూమినియం క్లోరైడ్‌తో చేసే క్లోరోఅల్యూమినేట్లు నీళ్లు తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ పొగలు కక్కుతాయి. వాటిని గ్లవ్‌బాక్స్ (గాలి, తేమ చొరబడని మూసిన పెట్టె) బయట తెరవొద్దు.

ఇమిడజోలియం (నైట్రోజన్ ఉన్న వలయం) రకాల్లో దానికి తగిలించిన కార్బన్ గొలుసు పొడవు కూడా చూసుకో. 4 కార్బన్లున్న బ్యూటైల్ కంటే 8 ఉన్న ఆక్టైల్ కణాల పొరలోకి తేలిగ్గా చొరబడుతుంది, నీటి జీవులకు ఎక్కువ విషం. అలాగని బ్యూటైల్‌ను సింకులో పోయకు. అదీ ఓ పట్టాన కుళ్లదు. కడిగిన నీళ్లతో సహా వేస్ట్ డబ్బాలోకే పోవాలి.

సేఫ్టీ షీట్‌లో "డేటా లేదు" అని ఉంటే ఎవరూ పరీక్షించలేదని అర్థం, హాని లేదని కాదు.

నువ్వు వాడబోయేవాటి పూర్తి పేర్లు రాసి పంపు. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌ను వేడిచేసే పని ఉంటే, నాతో మాట్లాడేదాకా ఆపు.

మీ బాబాయ్