కరివేపాకు కుండీ లోపలికి తెచ్చావా?

బుజ్జీ,

ఫ్రిస్కోలో మీ కొత్త ఇంటి ఫొటోలు చూశాను. ఇల్లు బాగుంది గానీ, నా కళ్ళు కంచె పక్కనున్న కరివేపాకు కుండీ మీదే పడ్డాయి. ఇంకా బయటే ఉందా? రాత్రిళ్ళు 50 ఫారెన్‌హీట్ కిందికి దిగుతున్నాయంటే లోపలికి తెచ్చేసెయ్. మన డల్లాస్ వైపు మొదటి ఫ్రీజ్, అంటే నీళ్ళు గడ్డకట్టేంత చలి, నవంబరు చివర థాంక్స్‌గివింగ్‌కి అటూ ఇటూగా వస్తుంది. అందాకా ఆగకు.

తెచ్చే ముందు ఆకులు తిరగేసి చూడు. నల్లి, పొలుసు పురుగు ఉంటే పైపుతో గట్టిగా కడిగి తీసుకురా. లేకపోతే ఇంట్లో వెచ్చదనానికి వారంలో చెట్టంతా పాకుతాయి.

దక్షిణం కిటికీ దగ్గర పెట్టు. ఆకులు పసుపెక్కి రాలతాయి, కంగారుపడకు. చలికాలం దానికి నిద్ర. నిద్రపోయేదానికి అన్నం పెట్టం కదా, ఎరువు కూడా అంతే, మార్చి దాకా వద్దు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చితే మట్టి పొడిగా తగిలినప్పుడే నీళ్ళు పొయ్యి. ఆకు రాలుతోందని జాలిపడి రోజూ చెంబెడు నీళ్ళు పోసి వేళ్ళు కుళ్ళబెట్టి రెండు చెట్లు చంపాను నేను. చలికి పోయినవి కావవి.

నేలలో ఉన్న మల్లె, మందారం సంగతి వేరు. ఫ్రీజ్ వార్నింగ్ వచ్చిన రోజు పగలే చెట్ల మొదళ్ళలో నీళ్ళు పెట్టు. పొడి మట్టికన్నా తడి మట్టి ఎండ వేడిని ఎక్కువ దాచుకుని రాత్రికి వదుల్తుంది. దుప్పటి కప్పేది ఆ వేడి కోసమే. చాలామంది కొమ్మలన్నీ కలిపి కాండానికి మూటలా బిగించేస్తారు. కింద నించి వచ్చే వేడి బయటికి పోతుంది, ఇంకెందుకా దుప్పటి! నేల దాకా దింపి, అంచుల మీద ఇటుకలు పెట్టు. ప్లాస్టిక్ పట్టా ఆకుకి తగిలితే తగిలిన చోటల్లా మాడిపోతుంది. పొద్దున్నే చలి విరగ్గానే తీసెయ్.

2021 ఫిబ్రవరిలో ఏ దుప్పటీ ఆగలేదనుకో. ఎయిర్‌పోర్టు దగ్గర ఫారెన్‌హీట్‌లోనే సున్నాకి 2 డిగ్రీలు కిందికి పోయింది. మాకు కరెంటు లేదు, గరాజ్‌లో బకెట్ నీళ్ళు గడ్డకట్టాయి. మందారం పోయింది. మల్లె పైనంతా ఎండినా, మొదట్లో జానెడు మందాన ఎండుటాకులు పోసి ఉండబట్టి వేరు బతికింది. గరాజ్‌లో కరివేపాకు నల్లగా మాడిపోతే మీ పెదనాన్న చెత్తబుట్టలో వెయ్యబోయారు. ఆగండని గోరుతో బెరడు గీరాను. పైన గోధుమరంగు. ఇంకా కింద గీరాను, అదే. మట్టికి నాలుగు వేళ్ళ ఎత్తులో పచ్చగా కనపడింది! అలాగే వదిలేశాను, మేలో చిగురు పెట్టింది. అందుకే, చలి పూర్తిగా పోయేదాకా ఎండు కొమ్మలు కత్తిరించకు.

అన్నట్టు, కాలిఫోర్నియాలో మీ ఆడపడుచు పిలక అడిగిందన్నావు. పంపకు. నిమ్మ, నారింజలకి తెగులు మోసే పురుగు కరివేపాకు మీదా ఉంటుంది, అందుకే రాష్ట్రం దాటించడానికి ఆంక్షలున్నాయి.

ఆ కుండీ ఒక్కదానివే ఎత్తకు. మా గరాజ్‌లో చక్రాల పీట ఉంది, శనివారం తెస్తాను. ఈలోగా పాత దుప్పట్లు ఎవరికీ ఇచ్చెయ్యకు.

మీ పెద్దమ్మ