జాగాను రాత్రిపూట చూడు, బుజ్జమ్మా

బుజ్జమ్మకు,

మామ దీవెనలు. దసరా సెలవుల్లో నువ్వూ నీ స్నేహితులూ కలిసి అనంతపురంలో మూడు రోజుల కళల పండగ పెడుతున్నారని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పిల్లలతో గోడల మీద బొమ్మలు, చెక్కభజన, ఉరుముల వాద్యం, ఆఖరి రాత్రి నిమ్మలకుంట వాళ్ళ తోలుబొమ్మలాట. వింటుంటే ఛాతీ ఉబ్బింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. చోటు కూడా చూసేశారట కదా, బైపాసు పక్కన ఏసీ ఫంక్షన్ హాలు! తెలిసినవాళ్ళది కాబట్టి అద్దె లేదట. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు.

పోలీసు అనుమతి కాగితం మీద తీసుకో, నోటిమాట నమ్మొద్దు. రాత్రి పదికి మైకు ఆపాలి. 2000లో వచ్చిన నిబంధన అది. ఆస్పత్రికో బడికో కోర్టుకో వంద మీటర్ల లోపలైతే పగలు కూడా మైకుతో తంటానే. ఆడవాళ్ళ బాత్రూముకు గడియ పడుతుందో లేదో నువ్వే వేసి చూడు, వాచ్‌మన్ చెప్పింది వినొద్దు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1998లో నేను డ్రాయింగు మాస్టారుగా ఉన్న ఊళ్ళో, బడి పిల్లల కోసం తోలుబొమ్మలాట పెట్టించాను. ఊరి మధ్యలో అప్పుడే సిమెంటు వేసిన ఒక ఆవరణ దొరికింది. గేటు, కుళాయి, పక్కనే రావిచెట్టు. పొద్దున పదింటికి వెళ్ళి అడుగులు వేసి కొలిచాను. మూడు వందల మంది సుఖంగా కూర్చోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. ఇంతకంటే మంచి జాగా ఇంకేముంటుందని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఆట రోజు సాయంత్రం కళాకారులు ఏడుగురు బొమ్మల పెట్టె దింపుకున్నారు. తెల్ల పంచెలు కలిపి తెర కట్టారు. వెనక బల్బులు వేలాడదీశారు, యుద్ధం ఘట్టంలో కాలితో తొక్కే చెక్కలు సర్దుకున్నారు. జనం వచ్చారు, చాపలు పరుచుకున్నారు. సరిగ్గా ఏడింటికి గేటు దగ్గరి స్తంభం మీద పసుపు రంగు సోడియం దీపం వెలిగింది. జనం వెనక నుంచి నేరుగా తెర మీద పడుతోంది వెలుతురు. తోలుబొమ్మలాటంటే మేకతోలు గుండా వెనక దీపం ప్రకాశించడమే కదా. ముందు నుంచి వెలుతురు పడితే ఎరుపూ పచ్చా ఏదీ ఉండదు. హనుమంతుడు చొక్కా మీద టీ మరకలా కనిపించాడు.

ఆ దీపం ఆర్పడానికి స్విచ్చు ఎక్కడుందో తెలుసా? వీధి చివర తాళం వేసిన పెట్టెలో. తాళం లైన్‌మన్ దగ్గర. లైన్‌మన్ పెళ్ళికి వెళ్ళాడు. నేను సైకిలు మీద రెండుసార్లు వాళ్ళింటికి పోయి వచ్చాను. తిరిగొచ్చేసరికి ఒక పిల్లాడు దీపానికి రాయి గురిపెడుతున్నాడు. వాణ్ణి ఆపాను గానీ, లోపల్లోపల తగిలితే బాగుండుననే అనుకున్నాను.

అప్పుడు ఆ బృందంలో పెద్దాయన నా దగ్గరకొచ్చి, చాలా మెల్లగా అడిగాడు. "సార్, ఈ జాగాను మీరు రాత్రిపూట సూసినారా?"

కోప్పడి ఉంటే తట్టుకునేవాణ్ణి.

చివరికి రావిచెట్టు వెనక, పశువులు కట్టేసే సందులోకి తెర మార్చారు. అక్కడ చీకటి ఉంది, పేడ వాసన కూడా ఉంది. నలభై మంది మిగిలారు. హాస్యపు బొమ్మలు బంగారక్క, కేతిగాడు వచ్చి వాళ్ళను కడుపుబ్బ నవ్వించారు. సీతమ్మ చీర అంచులోని చిల్లులన్నీ నక్షత్రాల్లా వెలిగాయి. అంత మంచి ఆట నేను మళ్ళీ చూడలేదు. పది గంటల నిబంధన అప్పటికి లేదు, రాత్రి ఒంటిగంట దాకా ఆడారు. డబ్బు ఇస్తుంటే పెద్దాయన "ఆడింది సగమే కదా సార్" అని సగం వెనక్కి ఇవ్వబోయాడు. బలవంతంగా ఆయన చేతిలోనే పెట్టాను. ఆ రోజు నుంచి నేను జాగాలు చూడడానికి పగలు వెళ్ళను.

ఇప్పుడు నీ హాలు సంగతి. నిమ్మలకుంట బొమ్మలు చేసే చేతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది, తెలుసుగా? దళవాయి చలపతిరావుగారికి. ఆ ఊరివాళ్ళను పిలిచి, షాండిలియర్ల కింద ఆడమంటావా? టైల్స్ మీద చెక్కభజనవాళ్ళు వట్టికాళ్ళతో గిరగిరా తిరిగితే జారరా? నాలుగు గోడల మధ్య ఉరుము మోగితే చెవులు మూసుకోవాలి, అది ఆరుబయట మోగాల్సిన వాద్యం. ఇంకొకటి, అద్దాల తలుపు. టవర్ క్లాక్ దగ్గర బండి మీద పండ్లమ్ముకునే ఆయన ఆ తలుపు తోసుకుని లోపలికి రాడు. రావచ్చా అని అడగడు కూడా, పక్కనుంచి వెళ్ళిపోతాడు. నువ్వు పండగ ఎవరికోసం పెడుతున్నావో వాళ్ళే బయట ఉండిపోతారు. గుడి ముందు ఖాళీ స్థలం కూడా అంతే, అక్కడికి ఎవరు వస్తారో సరే, ఎవరు రారో కూడా ఆలోచించు. ఉరుములు వాయించేవాళ్ళనే అడుగు, ఎక్కడ వాయిస్తే వాళ్ళకు బాగుంటుందో.

మరీ గట్టిగా అన్నానేమో. ఈ వయసులో నీకున్న ధైర్యంలో సగం నాకుండేది కాదు తల్లీ.

వాన ఒక్కటే నా అసలు టెన్షన్. మనది కరువు సీమ అని అందరూ నిశ్చింతగా ఉంటారు. మనకు పడే కాస్త వానలో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది. నీ దసరా సరిగ్గా అప్పుడే. తడిస్తే తోలు ముడుచుకుపోతుంది, ఒక్కో బొమ్మ వెనక ఎన్ని రోజుల పని ఉంటుందో నీకు చెప్పనక్కర్లేదు. అందుకే ఆరుబయట జాగాకు ఆనుకుని, పెట్టె లోపలికి లాక్కోవడానికి ఒక వరండా అయినా ఉండాలి. కరెంటు వైర్లు నేల మీద పాకకుండా చూసుకో, పిల్లలు తిరుగుతుంటారు.

నీ వీధి వెనక పాత గోదాము ఆవరణ ఉందని మీ అమ్మ మాటల్లో అంది. వచ్చే ఆదివారం రాత్రి ఏడుకు అక్కడుంటాను. టార్చి తెస్తాను, ఒక తెల్ల పంచె కూడా తెస్తాను, కట్టి చూద్దాం. మోకాలి నొప్పి తగ్గలేదని మీ అమ్మకు చెప్పకు, రానివ్వదు.

మీ మామ