వేలు చల్లగా ఉందని సర్దిచెప్పుకోకు

చిట్టీ,

సోమవారం నుంచి హాస్పిటల్లో ఎక్సర్‌సైజ్ క్లాసుకి వెళ్తున్నావని, ఎనిమిది వారాలు, వారానికి రెండుసార్లని మీ అమ్మ చెప్పింది. చర్మం గట్టిపడే ఈ స్క్లెరోడెర్మా జబ్బు ఊపిరితిత్తుల దాకా వచ్చిందన్నాక నేను రెండేళ్లు భయపడి ఇల్లు కదల్లేదు, నువ్వు మూడు నెలలకే లేచి నిలబడ్డావు. చాలా గర్వంగా ఉందే. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు.

మంచి బూట్లు కొనుక్కో. జ్వరమొస్తే మానెయ్యి. మొదటిరోజు ఆరు నిమిషాల నడక పరీక్ష పెడతారు, పక్కవాళ్లతో పోటీ పడకు.

అసలు సంగతి ఇది. నేను ఆ క్లాసుకి వెళ్లినప్పుడు, మూడో వారానికి ఒళ్లు తేలిగ్గా అనిపించి, డిసెంబర్ చలిలో, ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే బెంగళూరు లాల్‌బాగ్ బండ ఎక్కాను. సగంలో వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుంటే రక్తంలో ఆక్సిజన్ 84 శాతం. మనకి చలికి వేళ్లు తెల్లబడతాయి కదా, అలాంటప్పుడు రీడింగ్ తప్పు రావచ్చని ఫిజియో అమ్మాయి చెప్పిన మాట పట్టుకుని, చేతులు రుద్దుకుని మళ్లీ పెట్టాను. 82. మిషన్‌దే తప్పని జేబులో పడేసి ఎక్కేశాను. కెంపేగౌడ గోపురం దగ్గర కళ్లు చీకట్లు కమ్మి కూలబడ్డాను. వాకింగ్‌కొచ్చిన ఒకావిడ నా పెదాలు నీలంగా ఉన్నాయని కన్నడలో కేకలు పెడుతోంది, నాకు పేరు చెప్పడానికి కూడా ఊపిరి లేదు.

తర్వాత క్లాసులో చెవి తమ్మెకి ఆక్సీమీటర్ క్లిప్పు పెట్టి నడిపిస్తే 83. వేలు నిజమే చెప్పింది! ఆ అమ్మాయి ఇంకోచోట పెట్టి చూసుకోమంది, పట్టించుకోవద్దని అనలేదు. అప్పటినుంచి ఆక్సిజన్ పెట్టుకుని నడిచాను, 88కి దిగితే వాళ్లే ఆపి కూర్చోబెట్టేవాళ్లు.

నువ్వు చిన్నప్పటి నుంచీ నొప్పి దాచుకునే పిల్లవి, నా భయమంతా అదే. అక్కడ మాత్రం దాచావంటే ఊరుకోను. ఆయాసం సున్నా నుంచి పది దాకా ఎంతుందని అడిగితే, ఏడుంటే ఏడనే చెప్పు తల్లీ.

ఊపిరితిత్తుల్లో పడ్డ మచ్చలు పోవు, కానీ కాళ్లకి బలమొస్తే అదే ఊపిరితో ఇంకా దూరం నడవగలం. స్టెరాయిడ్ల వల్ల నా తొడలు ఎంత నీరసించాయంటే కమోడ్ మీంచి లేవడానికి గోడ పట్టుకునేదాన్ని, క్లాసు అయ్యేసరికి పట్టుకోకుండా లేచాను, ఆరోజు బాత్రూంలోనే ఏడ్చాను. ఎనిమిది వారాలయ్యాక ఇంట్లోనూ చెయ్యి, నేను మానేస్తే కొన్ని నెలలకే మళ్లీ గోడ పట్టుకున్నాను.

ఉన్ని గ్లోవ్స్ అల్లి పంపుతున్నాను, ఆటోలో వేసుకో. సోమవారం ఎన్ని మీటర్లు నడిచావో రాత్రి ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ