ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఎన్నికలకు మనం ఓటు వేయవచ్చా? వేస్తే ఏమిటి లాభం?

ప్రశ్న అడిగినవారు లండన్ వచ్చి రెండేళ్లయిందట. చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టే. కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) ఎన్నికల పోలింగు కార్డు ఇంటికి వచ్చేసరికి, పొరపాటున పంపారేమో, వెళ్తే వీసాకు ముప్పేమో అని భయపడుతున్నారు.

పొరపాటూ కాదు, ముప్పూ లేదు. ఎప్పుడో క్రెడిట్ స్కోరు కోసం ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకుని మరిచిపోయి ఉంటారు. మనవాళ్లలో సగం మంది కథ అంతే. కామన్వెల్త్ దేశాల పౌరులు సరైన వీసాతో ఇక్కడ నివసిస్తుంటే కౌన్సిల్‌కే కాదు, పార్లమెంటుకూ ఓటు వేయవచ్చు.

నేను మొదటిసారి వేసింది 2022 మే 5న. లండన్‌లోని 32 బరోలకూ (ఒక్కో బరోకు ఒక్కో కౌన్సిల్) ఆ రోజే ఎన్నికలు. మా బరో పేరు చెప్పను, ముందు ముందు తిట్టవలసి వస్తుంది. అప్పుడు మా మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆయన బడిపంతులుగా పనిచేస్తూ, పంచాయతీ మొదలు పార్లమెంటు దాకా లెక్కలేనన్ని ఎన్నికల డ్యూటీలు చేసిన మనిషి. ముందురోజే పెట్టె, లక్క, సిరా సీసా సరిచూసుకుని లారీ ఎక్కడం, రాత్రి బడిలో బల్లల మీద పడుకోవడం, తెల్లవారుజామున ఏజెంట్లకు ఖాళీ పెట్టె చూపించి సీలు వేయడం... మా ఇంట్లో ఇవన్నీ పురాణ కాలక్షేపం. ఇక్కడి ఏర్పాట్లు చూస్తానని కోటు తొడుక్కుని నాతో బయలుదేరారు.

పోలింగు మా వీధి చివరి చర్చి హాలులో. ఒక్క పోలీసు లేడు. షామియానా లేదు, చీటీలు రాసిచ్చే కుర్రాళ్లు లేరు. గుమ్మం పక్క బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్లు, ఒకాయన కోటుకు లేబర్ పార్టీ ఎర్ర రిబ్బను పువ్వు, ఇంకొకాయనకు కన్సర్వేటివ్ పార్టీ నీలం పువ్వు. ఇద్దరూ ఒకే ఫ్లాస్కులోని టీ తాగుతున్నారు. ఓటు వేసి వచ్చినవారి నంబరు అడిగి రాసుకోవడం వాళ్ల పని. దాన్నిబట్టి ఇంకా రానివారి తలుపు సాయంత్రం తడతారు. ఒకామె తన కుక్కను కమ్మీకి కట్టేసి లోపలికి వెళ్లింది. మామయ్యగారు చుట్టూ చూసి, "ఎన్నిక ఇవాళే కదమ్మా?" అన్నారు.

ఆయన బయటే నిలబడ్డారు. లోపల అధికారి నా పేరును మూడు ముక్కలు చేసి చదివి, జాబితాలో గీత కొట్టి కాగితం ఇచ్చింది. మా వార్డుకు ముగ్గురు కౌన్సిలర్లు, అంటే మనిషికి మూడు ఓట్లు. వేలికి సిరా లేదు, స్వస్తిక్ ముద్ర లేదు. చెక్క అరలో దారంతో కట్టిన ఒక పెన్సిలు. ఇంటూ గుర్తులు పెట్టి పెట్టెలో వేసి రెండు నిమిషాల్లో బయటికి వచ్చాను.

"పెన్సిలా? ఎవరైనా రబ్బరు పెట్టి చెరిపేస్తే?"

"పెట్టెకు సీలు వేస్తారు మామయ్యగారూ. కావాలంటే మన పెన్ను తెచ్చుకోవచ్చు కూడా."

"సిరా లేదు కదా, ఇంకొకడి పేరు చెప్పి మళ్లీ వచ్చి వేస్తే?"

దానికి నా దగ్గర జవాబు లేదు. అప్పట్లో గుర్తింపు కార్డు కూడా అడిగేవారు కాదు. ఆయన అనుమానమే ప్రభుత్వానికీ వచ్చింది కాబోలు, 2023 మే నుంచి ఇంగ్లండ్‌లో ఫొటో గుర్తింపు తప్పనిసరి చేశారు. మీకు మన నీలం పాస్‌పోర్టు చాలు. గడువు తీరినా, ఫొటోలో ఉన్నది మీరేనని పోల్చుకోగలిగితే ఒప్పుకుంటారు.

నా కడుపుమంట వేరే ఉంది. ఓటు కాగితం మీద పేర్లు ఇంటిపేరును బట్టి ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంటాయి. మూడు ఓట్లున్నచోట జనం పైనుంచి గుర్తులు పెట్టుకుంటూ వచ్చి సగంలోనే అలసిపోతారని నా గట్టి నమ్మకం. తెలుగులో "ఎ"తో మొదలై కూడా ఇంగ్లీషులో "వై" దగ్గర తేలే ఎలమంచిలివారు ఇక్కడ నిలబడి గెలవాలంటే పూర్వజన్మ సుకృతం ఉండాలి. నిలబడటానికి డిపాజిట్ మాత్రం అక్కర్లేదు. మనవాళ్లు నిలబడటం కొత్తా కాదు. తర్వాత మన రక్షణమంత్రి అయిన వి.కె. కృష్ణమీనన్ 1934 నుంచి 1947 దాకా సెయింట్ పాంక్రాస్ బరోలో కౌన్సిలరు. ఇప్పుడది కామ్డెన్‌లో కలిసిపోయింది.

లాభం ఏమిటంటారా? చెత్త బండి, రోడ్డు గుంతలు, పార్కింగు, గ్రంథాలయం, ముసలివాళ్ల సంరక్షణ అన్నీ కౌన్సిల్ చేతిలోవే. కౌన్సిల్ పన్ను సరేసరి, నేటికీ 1991 నాటి ఇంటి ధరను బట్టే వేస్తారు. క్రాయిడన్ కౌన్సిల్ 2020లో, స్లౌ కౌన్సిల్ 2021లో దివాలా ప్రకటించినంత పని చేశాయి. 2023లో ఆ పన్ను క్రాయిడన్‌లో 15 శాతం, స్లౌలో దాదాపు 10 శాతం పెరిగింది. వీసా ఏమిటని అడిగి వసూలు చేయలేదు కదా!

అయినా మనవాళ్లు అర్ధరాత్రి దాకా గుంటూరు సీటు ఎవరిదని వాదించుకుంటారు, తమ వార్డు కౌన్సిలరు పేరు మాత్రం తెలియదు. మా వీధి మొగలో గుంత గురించి రెండేళ్లు ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు పెట్టాను. చివరికి కౌన్సిలరుకు ఒక్క మెయిలు రాస్తే మూడు వారాల్లో పూడ్చారు. తర్వాతి వానలకు మళ్లీ లేచిందనుకోండి.

ఒక్క ఓటుతో ఏమవుతుందనే మాట నా దగ్గర అనకండి. 2017లో నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ ఎన్నికల్లో సౌత్ బ్లైత్ వార్డులో ఇద్దరికి సరిసమానంగా ఓట్లు పడితే పుల్లలు తీయించారు. అందులో ఓడిన కన్సర్వేటివ్ పార్టీ 67 సీట్లలో 33 దగ్గర ఆగిపోయి మెజారిటీ అందుకోలేకపోయింది.

పోలింగు ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా ఉంటుంది, ఆఫీసు వంక చెల్లదు. మామయ్యగారు తిరిగి వెళ్లేరోజు జేబులోని బాల్‌పెన్ను తీసి నా సొరుగులో పెట్టి, "ఇది ఓటుకు మాత్రమే" అన్నారు. నెల తిరగకుండానే మా పిల్లవాడు దాన్ని బడికి పట్టుకెళ్లి పోగొట్టాడు. ఆయనకు ఇంకా చెప్పలేదు.