పెరట్లో పిల్లలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: తొలకరి పడ్డాక పెరట్లో మళ్లు చేశాం. బాబుకి నాలుగేళ్లు, పాపకి తొమ్మిది. మొన్న వంగ నారుని కలుపనుకుని బాబు సగం పీకేశాడు. నీళ్లు పొయ్యమంటే మడిని చెరువు చేస్తాడు. అత్తయ్యగారు పిల్లల్ని పెరట్లోకే రానివ్వొద్దంటున్నారు. ఏం చెయ్యమంటారు?
— ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: రానివ్వండమ్మా. కాకపోతే మీ మడిలోకి కాదు. మూరెడు వెడల్పు, రెండు మూరల పొడుగు చోటుకి చుట్టూ ఇటుకలు పేర్చి, అది బాబు మడి అని చెప్పండి. నాలుగేళ్లవాడికి నారుకీ కలుపుకీ తేడా తెలీదు. కలుపు పని వాడికి అప్పగించకండి.

ముందు తోటకూర చల్లించండి. విత్తనం సన్నం కాబట్టి చిటికెడుకి గుప్పెడు పొడి ఇసుక కలపండి, లేకపోతే అంతా ఒక్కచోటే పడుతుంది. నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, నెల తిరక్కుండా కూరకొస్తుంది. చిక్కుడు పెట్టిస్తే చలికాలం దాకా పూత చూడరు, ఆ వయసువాళ్లు అంతకాలం ఆగలేరు.

రెండోది బెండ. రాత్రి నానబెట్టి, అడుగు దూరానికి రెండేసి గింజలు పెట్టించండి. పిల్లలు వేలంతా మట్టిలోకి దించేస్తారు; అంత లోతున, అందులోనూ వానాకాలం, గింజ కుళ్లుతుంది. వాడి చూపుడువేలి మొదటి కణుపు మీద పెన్నుతో గీత గీసి, గీత దాకానే గుచ్చమనండి. మొలిచిందో లేదోనని రోజూ తవ్వి చూస్తారు కూడా. నాలుగు గింజలు తడిగుడ్డలో చుట్టి ఇంట్లో ఉంచండి, చూడాలనిపిస్తే అది విప్పుకుంటాడు.

నీళ్లకి చెంబు వద్దు. అరలీటరు సీసా మూతకి కాల్చిన సూదితో పది చిల్లులు మీరే పెట్టివ్వండి. మట్టిలో వేలు పెట్టి, తడి తగిలితే ఆ పూట నీళ్లు లేవు. నీరు నిలిస్తే నారుకుళ్లు వస్తుంది; మొక్క మట్టి దగ్గర సన్నబడి పడిపోతుంది.

పాపకి అసలైన పనే ఇవ్వండి. వంగ ఆకుల అడుగున పసుప్పచ్చ గుడ్ల గుంపులు అక్షింతల పురుగువి. ఆ ఆకులు తెంపి సబ్బునీళ్లలో వెయ్యాలి. వడలిపోయి వేలాడే చివుళ్లలో కొమ్మ తొలిచే పురుగుంటుంది. వాడిన చోటికి కాస్త కిందకి కత్తెరతో కత్తిరించాలి. పెద్దవాళ్ల కళ్లకి తప్పిపోయేవి ఆ వయసు కళ్లకి దొరుకుతాయి.

అత్తయ్యగారి భయమూ ఉత్తది కాదు. ఇటుకల కుప్పలు, ఆకుల పోగులు పిల్లలు ముట్టకూడదు. తేళ్లు, పాములు అక్కడే చేరతాయి. కాళ్లకి చెప్పులుండాలి, నీళ్ల తొట్టెకి మూతుండాలి. ఆముదం, గురివింద గింజలు విషం. రంగు చూసి నోట్లో పెట్టుకుంటారు. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. పచ్చి పేడ కాకుండా బాగా మాగిన ఎరువే వాడండి. మందు కొట్టిన రోజు పెరటి తలుపు గడియ వెయ్యండి. ధనుర్వాతం టీకా అయిదారేళ్లకీ పదేళ్లకీ వెయ్యాలి. ఇద్దరి కార్డులూ చూసుకోండి.

ప్రశ్న: కలుపు తీసినందుకు పిల్లలకి డబ్బులివ్వొచ్చా?
— ఒక తండ్రి, రాయగడ

జవాబు: మాకు ఇష్టం లేదు. మడి వాళ్లదైతే కూలి అడగరు. ఇచ్చేటట్టయితే మాత్రం తుంగని గడ్డల లెక్కన ఇవ్వండి. ఆకు తెంపితే లాభం లేదు, గడ్డ మళ్లీ మొలుస్తుంది. వాన వెలిసిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు బొరిగెతో తవ్వితే గడ్డతో సహా వస్తుంది.