మరుగున పడ్డ సినిమాలు చూడబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన జాబితా చూశాను. ప్రపంచంలోని పరమ చెత్త సినిమాలని ఎవరో ఏరి పెట్టారు, నువ్వు వాటితోనే మొదలుపెడతానంటున్నావు. వద్దమ్మా. ఎగతాళి చేయడానికని కూర్చుంటే నాలుగో సినిమాకల్లా విసుగొస్తుంది, తీసినవాళ్ల పనితనం కంటికి ఆనదు. ఆ జాబితాలోవి ఎక్కువగా ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమాలు. అంటే చవగ్గా తీసి, రక్తమో శృంగారమో దయ్యమో చూపించి, పెట్టిన డబ్బు త్వరగా రాబట్టుకునే వ్యాపారం. ఆ వ్యాపారం లోపలే కొందరు ప్రాణం పెట్టి పనిచేశారు. నువ్వు వెతకాల్సింది వాళ్లని.

అందుకని జాబితా కాదు, ఒక మనిషిని పట్టుకో. దర్శకుడైనా, కెమెరామనైనా, నటి అయినా సరే. చేతిలో డబ్బెంత ఉంది, నిర్మాత ఏం అడిగాడు, సెన్సార్ ఏం ఒప్పుకోలేదు అని చూసుకుంటూ పోతే తర్వాత చూడాల్సిన సినిమా దానంతటదే తెలుస్తుంది.

దారి మన తెలుగులోనే మొదలవుతుంది. 1971లో వచ్చిన మోసగాళ్లకు మోసగాడు నువ్వు టీవీలో చూసే ఉంటావు. కె.ఎస్.ఆర్. దాస్ గారు తీశారు, రాసింది ఆరుద్ర గారు. కృష్ణ గారి ఆ కౌబాయ్ వేషానికి వెనక ఇటలీ సినిమాలున్నాయి. ఆ ఇటలీ వాళ్లు అమెరికా పడమటి సీమను స్పెయిన్‌లోని అల్మేరియా ఎడారిలో పుట్టించారు. వాళ్లలో సెర్జియో లియోనే సినిమాలు అందరూ చూస్తారు, నువ్వు సెర్జియో కోర్బుచ్చి దగ్గరికి వెళ్లు. 1966 నాటి జాంగోలో ఫ్రాంకో నీరో బురదలో శవపేటిక ఈడ్చుకుంటూ వస్తాడు. ఇంత క్రూరమైన సినిమా వద్దని బ్రిటన్ సెన్సార్ వాళ్లు 1993 దాకా సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆ పేరు పెట్టుకుని, ఈ కథతో సంబంధం లేని జాంగోలు డజన్లకొద్దీ వచ్చాయి, వాటి వెంట పడకు. కోర్బుచ్చిదే 1968లో వచ్చిన ది గ్రేట్ సైలెన్స్ చూడు. ఎడారి లేదు, అంతా మంచు. హీరోకి మాట రాదు. ముగింపు ముందే చదివేయకు, అది నీకు నువ్వుగా చూడాలి.

నాకు అందరికంటే ఇష్టమైనవాడు ఇటలీ దర్శకుడు మారియో బావా. కెమెరామన్‌గా ఎన్నో ఏళ్లు పనిచేసి దర్శకుడయ్యాడు. 1965లో ప్లానెట్ ఆఫ్ ది వాంపైర్స్ తీసేనాటికి గ్రహం సెట్ వేయడానికి డబ్బు లేదు. ఏదో పౌరాణిక సినిమాకి వాడగా స్టూడియోలో మిగిలిపోయిన ప్లాస్టిక్ బండరాళ్లు రెండు దొరికాయి. వాటినే అద్దాలతో ఎన్నో ఉన్నట్టు చూపించి, కింద పొగ వదిలి, రంగు లైట్లు వేసి ఒక గ్రహాన్నే నిలబెట్టాడు. ఆ సినిమా చూసేటప్పుడు ఒకసారి శబ్దం పూర్తిగా తగ్గించి లైటింగ్ మాత్రమే చూడు. ఎరుపు ఎక్కడి నుంచి పడుతోంది, నీలం ఎక్కడ ఆగింది అని గమనించు. విఠలాచార్య గారి జగన్మోహిని చూస్తూ పెరిగిన పిల్లవి, తక్కువ డబ్బుతో కెమెరా చేసే మాయ నీకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. ఒక సినిమా బాగాలేదని తేల్చేముందు నువ్వు చూసింది ఏ ప్రింటో తెలుసుకో. ఇదే బావా లీసా అండ్ ది డెవిల్ అని కలలాంటి సినిమా తీశాడు. కొనేవాళ్లు దొరకలేదు. ఈలోగా ఎక్సార్సిస్ట్ అనే అమెరికా దయ్యాల సినిమా బాగా ఆడేసరికి, నిర్మాత దయ్యం వదిలించే సీన్లు కొత్తగా తీయించి, అతికించి, ది హౌస్ ఆఫ్ ఎక్సార్సిజం అని 1975లో వదిలాడు. రెండోది మాత్రమే చూసినవాడు బావాకి కథ చెప్పడం రాదంటాడు. కాబట్టి పేరు, నిడివి, ఏ దేశంలో వదిలిన ప్రింటు అన్నవి సరిచూసుకో. డబ్బింగ్ సంగతికొస్తే, ఆ రోజుల్లో ఇటలీ వాళ్లు మాటలన్నీ తర్వాతే అతికించేవాళ్లు, నటులు తలా ఒక భాషలో మాట్లాడేవాళ్లు. పెదాలు కలవలేదని టెన్షన్ పడకు.

సెన్సార్ సంగతి తెలుసుకోవాలంటే బ్రెజిల్ వెళ్లు. జోజే మొజీకా మారిన్స్ తానే పొడుగు గోళ్లు పెంచి, దేవుణ్ణి నమ్మని కాటికాపరి వేషం కట్టి 1964లో ఆ పాత్రతో మొదటి సినిమా తీశాడు. రెండో సినిమా చివర్లో అదే పాత్ర చచ్చేముందు దేవుణ్ణి ఒప్పుకుంటుంది. అది అతను రాసిన మాట కాదు, సెన్సార్ వాళ్లు పెట్టించినది. ఆ ఒక్క సీనులో అప్పటి సైనిక పాలన కనిపిస్తుంది. నువ్వు నవ్వుకోవడానికి పెట్టుకున్న టర్కీ సినిమా, అదే స్టార్ వార్స్ ముక్కలు అతికించి 1982లో తీసింది, దాన్నీ ఇలాగే చూడు. అందులో హీరో జునైత్ అర్కిన్ డాక్టరీ చదివినవాడు, ఫైట్లు తానే చేసేవాడు.

ఇక కష్టమైన విషయం. ఈ దారిలో నిజమైన క్రూరత్వం కూడా ఎదురవుతుంది. 1980 నాటి కానిబల్ హోలోకాస్ట్‌లో మనుషుల చావులు నటనే, జంతువుల చావులు నిజం. దర్శకుడిపై హత్య కేసు పెడితే నటులు బతికే ఉన్నారని చూపించుకోవాల్సి వచ్చింది, జంతువుల్ని తిరిగి ఎవరు తెస్తారు? అది చూడకపోతే నీ పరిజ్ఞానానికి లోటేమీ లేదు. చూసేముందు వాకబు చేయి, కడుపులో తిప్పితే మధ్యలో ఆపేయి. ఆడవాళ్లను ఎలా చూపించారన్నది కూడా పట్టించుకో. జపాన్‌లో మెయికో కాజీని చూడు. తన స్టూడియో శృంగార చిత్రాలకు మళ్లితే 1971లో బయటికొచ్చేసింది. మరుసటి ఏడు స్కార్పియన్ అనే జైలు సినిమా ఒప్పుకుంటూ, దానికి మూలమైన బొమ్మల కథలోని బూతులు తను పలకనంది. దాదాపు మాటల్లేకుండా, కళ్లతోనే నడిపించింది. చవక సినిమాలో ఒక నటి తన గౌరవాన్ని ఎలా నిలబెట్టుకుందో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు.

అన్నిటికంటే ముందు మాత్రం కార్నివాల్ ఆఫ్ సోల్స్ చూడు, 1962 నాటిది. అమెరికాలో కాపీరైట్ లేదు, నెట్‌లో సులువుగా దొరుకుతుంది. కాన్సాస్‌లో ఫ్యాక్టరీలకూ బడులకూ చిన్న సినిమాలు తీసిపెట్టే హెర్క్ హార్వీ, సాల్ట్ లేక్ సిటీ దగ్గర పాడుపడిన వినోదశాల ఒకటి దారిలో చూసి, దాని కోసమే కథ రాయించుకున్నాడు. రక్తం దాదాపు ఉండదు. రాత్రి ఫోన్ పక్కన పెట్టి ఒక్కసారిలో చూసేయి. ఆ వినోదశాల మొదటిసారి కనిపించినప్పుడు నీకేమనిపించిందో నాకు రాయి. ఆ తర్వాత ఎవరి వెంట వెళ్లాలో చెబుతాను.

ఇట్లు
మీ మామయ్య