ఛాయాచిత్రంలో ఉన్నది నీడేనా?

సందేహం: ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర తెల్లవారేటప్పుడు నీళ్లను బాగా దగ్గరగా ఫోటోలు తీశాను. వాటిలో పడవ, కొండ, మనిషి ఏదీ కనిపించదు. అన్నీ వెలుగు చారలు, రంగులే. ప్రదర్శనకు 'నైరూప్య ఛాయాచిత్రాలు' అని పేరు పెట్టాను. "ఛాయ అంటే నీడ కదండీ, ఇదంతా వెలుగైతే! కాంతిచిత్రాలు అనాలి" అన్నారు ఒక మిత్రుడు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీరు పెట్టిన పేరే బాగుందమ్మా. మార్చకండి.

మీ మిత్రుడి మాటకు ఆధారం లేకపోలేదు. ఫోటోగ్రఫీ అన్న పేరు వెలుగు, గీత అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటల కలయిక. 1839లో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ దాన్ని వాడుకలోకి తెచ్చాడు. అయితే అదే ఏడాది, కాగితం మీద ఫోటో నిలిపే పద్ధతి కనిపెట్టిన టాల్బట్ దాన్ని వివరిస్తూ 'నీడను నిలిపే కళ' అన్నాడు. మందు పూసిన కాగితం మీద ఆకు పెట్టి ఎండలో ఉంచితే, ఎండ తగిలిన మేర నల్లబడేది, ఆకు నీడ పడ్డ మేర తెల్లగా మిగిలేది. గీసింది వెలుగే అయినా బొమ్మై నిలిచింది నీడే. 1920లలో మాన్ రే, మొహోలీ నాగ్ అనే కళాకారులు కెమెరా లేకుండా వస్తువుల్ని ఇలాగే కాగితం మీద పెట్టి, ఏమిటో పోల్చుకోలేని చిత్రాలు చేశారు.

పైగా మన 'ఛాయ' నీడ దగ్గర ఆగిపోయే మాట కాదు. అమరకోశం దానికి సూర్యుడి భార్య, కాంతి, ప్రతిబింబం, ఎండ లేకపోవడం అని నాలుగు అర్థాలు చెబుతుంది. తర్వాతి మూడూ మీ ఫోటోల్లో ఉన్నాయి! తెలుగులో అది 'చాయ' అయి రంగును కూడా కలుపుకుంది. పిల్ల చామనచాయ అంటాం గానీ చామనరంగు అనం. రంగు అద్దితే అంటుకునేది. చాయ కంటికి తోచేది, వెలుతురును బట్టి మారేది. బీసెంట్ రోడ్డులో చీర కొనేవాళ్లు దాన్ని కొట్టు గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూసుకునేది ఈ చాయనే. మీరు తీసిన నీళ్లదీ ఇదే సంగతి. ఆ ఎరుపూ పసుపూ కృష్ణవి కావు, ఆకాశం నుంచి వచ్చి పడినవి. 'కాంతిచిత్రం' తప్పు మాటేం కాదు. కానీ ఆ పేరు పెడితే నీడా, ప్రతిబింబమూ, రంగూ మూడూ జారిపోతాయి.

ఇక 'నైరూప్యం'. రూపం లేనిది నీరూపం, ఆ స్థితి నైరూప్యం. దీనికి బదులు 'అమూర్తం' వాడేవాళ్లున్నారు. ప్రేమ, న్యాయం వంటి భావాలకు అది చక్కగా సరిపోతుంది. మీ కెమెరా ముందు మాత్రం చేత్తో తాకగల నీళ్లే ఉన్నాయి. పోల్చుకోవడానికి రూపం లేదు, అంతే. నా ఓటు నైరూప్యానికే.

విడిగా 'చాయ' అని వత్తు లేకుండా రాయొచ్చు. సంస్కృత సమాసంలో మాత్రం 'ఛాయాచిత్రం' అనే ఉండాలి. ప్రదర్శనలో ఫోటోల పక్కన పెట్టే చీటీలు అచ్చుకు ఇచ్చే ముందు ఆ వత్తు ఒకసారి చూసుకోండి.